లేవని కంప్యూటరూ, నేనన్న మాటా

ఆత్మకూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసు వెనక సందులో మా ఇంటి ముందుగదే నా కొట్టు. నలభై ఏళ్లు అక్కడే కూర్చుని జనానికి దస్తావేజులు రాశాను. క్రయపత్రాలు, పాలుపంపకాలు, దానపత్రాలు, తనఖాలు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు మందుసీసాలకు చుట్టిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. చట్టం, పాత పత్రాలకు నకళ్లు రాస్తూ రాస్తూ వంటబట్టింది. నాకెవరూ ఏదీ నేర్పలేదన్న పొగరు చాలాకాలం ఉండేది నాలో. ఆ పొగరు వల్ల ఒక మనిషికి ఊళ్లో ఉన్న పేరు పోయింది. అతనికి ఉన్నదల్లా ఆ పేరే. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక మా వృత్తిలోకి కంప్యూటర్లు వచ్చాయి. చేతిరాత పత్రాలు పనికిరావని ఎవరూ అనలేదు గానీ, అచ్చులో తీసుకెళ్తేనే గుమాస్తా మొహం విప్పేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాళ్లు ఒక్క ఏడాదిలో పనిలేనివాళ్లయ్యారు. ఆ అన్యాయం గురించి అడిగిన నాథుడు లేడు. నేను మాత్రం ఊరుకోలేదు. అరవై దాటిన వయసులో ఒక కంప్యూటరు, దానికి కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ కొన్నాను. రెండు వేళ్లతో తెలుగు కొట్టడం నేర్చుకున్నాను.

ఆ కంప్యూటరు పూర్తిగా ఆపితే మళ్లీ లేవడానికి, అందులో తెలుగు తెరుచుకోవడానికి, నేను ఇంట్లోకి వెళ్లి ఒక గ్లాసు కాఫీ తాగి వచ్చేంత సేపు పట్టేది. అందుకని ఆపకుండా స్లీప్‌లో పెట్టేవాణ్ణి. సగం రాసిన పత్రం తెర మీద అట్లాగే ఉండేది. పత్రం రాయించుకునే పార్టీని తీసుకుని ఆఫీసుకు వెళ్లి, గంటో రెండు గంటలో అయ్యాక వచ్చి మౌసు కదిలిస్తే ఆగినచోటనే తెరుచుకునేది. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక ఎండాకాలం నుంచి పేచీ మొదలైంది. ఒకరోజు లేచేది, ఒకరోజు లేచేది కాదు. మౌసు కదిపినా, మీటలు కొట్టినా నల్లటి తెరే. బటన్ నొక్కితే మొదటినుంచి మొదలుపెట్టేది, అప్పటిదాకా రాసింది మాయం. రాస్తూ రాస్తూ దాచిపెట్టుకోవాలని తెలుసు. తెలిసీ సగం రోజులు మరిచేవాణ్ణి.

దాన్ని బాగుచేయడానికి పిలిచింది అతన్ని. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే సాయిబు కొడుకు. తండ్రి నాకు స్నేహితుడు, ఆ వరసన నన్ను మామా అనేవాడు. రేడియోలు పోయి టేపురికార్డర్లు, అవి పోయి టీవీలు, చివరికి కంప్యూటర్లు. ఒకదాని తర్వాత ఒకటి విప్పి చూసి నేర్చుకున్నవాడే. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఊళ్లో అందరూ తమ డబ్బా అతని బల్ల మీద పెట్టేసి, వెనక్కి చూడకుండా పోయి పని చూసుకుని వచ్చేవాళ్లు. లోపల ఏముందో మాకెవరికీ తెలియదు. ఏం తీశాడో ఏం వేశాడో కనుక్కోలేం. అట్లాంటి పనిలో మనిషిని నమ్మడం తప్ప వేరే దారి లేదు. అతన్ని నమ్మేవాళ్లు.

మొదటిసారి వచ్చినప్పుడు మూత తీసి దుమ్ము ఊది, ఒకటొకటిగా అడిగాడు.

“కరెంటు పోయినప్పుడు ఇట్ల అవుతాందా మామా?”

“యూపీఎస్ ఎందుకు పెట్టినానప్పా మరి, పూజ చేసుకునేదానికా?”

“అది సరే. నువ్వు లేనప్పుడు ఇంట్లో ఎవరన్నా దీన్ని ముట్టుకుంటాండారా?”

నాకు కోపం వచ్చింది. “నా ఇంట్లో నేను చెప్పని పని ఎవరూ చెయ్యరు. నువ్వు డబ్బా సంగతి చూడు, నా సంసారం సంగతి కాదు.”

అతను నవ్వి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మౌసు మార్చి చూశాడు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాడు. ఆఖరికి పవర్ సప్లై డబ్బా మీద అనుమానమని కొత్తది తెప్పించి వేశాడు. పాతది నా బీరువా మీద పెట్టి, “ఇది నీదే, ఉంచుకో” అని వెళ్లాడు.

ఆ వారమంతా కంప్యూటరు పిలిస్తే పలికింది. ఆ వారమే మా ఇంటామె తమ్ముడి ఇంట్లో పెళ్లని వెలుగోడు వెళ్లింది. నేను హోటల్లో తిన్నాను. ఆ రెండు సంగతులకూ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. నేను ఒక నోటుబుక్కు పెట్టి రోజూ రాసేవాణ్ణి. ఎన్నింటికి స్లీప్‌లో పెట్టింది, ఎన్నింటికి లేపింది, ఎండ ఎట్లా ఉంది, ఫ్యాను తిరుగుతుందా, మీట నొక్కానా మౌసు కదిలించానా. ఇంట్లో ఎవరున్నారన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆమె తిరిగి వచ్చిన మూడో రోజు మళ్లీ లేవలేదు.

ఆ రోజు తెర మీద ఉన్నది ముగ్గురు అన్నదమ్ముల పాలుపంపకం. పదకొండేళ్లు మాటల్లేని వాళ్లు. పెద్దవాళ్లు నచ్చజెప్పగా ఒక్క జీపులో వచ్చారు. హద్దులన్నీ టైపు కొట్టి, వాళ్లను వెంటబెట్టుకుని, ఆ భూమి వాళ్ల నాయనకు ఎట్లా వచ్చిందో చూపే పాత లింకు పత్రం నకలు తేవడానికి ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి నల్ల తెర. మళ్లీ మొదటినుంచి కొడుతూ కూర్చున్నాను. నా రెండు వేళ్ల వేగానికి వాళ్లు అరుగు మీద కూర్చుని విసిగారు. విసుగులో మాటలు వచ్చాయి. నడిమివాడు బోరుబావి దగ్గరి వేపచెట్టు ఎవరికని అడిగాడు. నేను మూడో పేజీలో ఉండగా జీపు వెళ్లిపోయింది, అందులో ఇద్దరే ఎక్కారు. చిన్నవాడు నడుచుకుంటూ బస్టాండుకు వెళ్లడం చూశాను.

చెప్పులేసుకుని ఆఫీసు ఆవరణలోకి వెళ్లాను. మా లేఖరులందరూ కూర్చునే రేకుల షెడ్డులో అతను ఎవరిదో ప్రింటరు విప్పుకుని కూర్చున్నాడు. చేతులనిండా సిరా.

“ఏమప్పా, నా డబ్బాలో మంచి సామాను తీసి ఎవురికి పెట్టినావు?” అన్నాను.

అతను తలెత్తాడు. “ఏం మాటలు మామా అవి?”

“మామా అనొద్దు. నువ్వు చెయ్యి పెట్టినాకనే అది ఇంకా చెడింది. పాతది వేసి కొత్తదని చెప్పినావు.”

“తీసిన డబ్బా నీ బీరువా మీదనే పెట్టి వస్తి గదా. పోయి చూసుకో.”

“అది నాదేనని ఎట్ల నమ్మల్ల? లోపల ఇంకేం తీసినావో ఎవురికి తెలుసు?”

షెడ్డులో ఇరవై మంది ఉంటారు. లేఖరులు, పార్టీలు, సాక్షి సంతకాలు చేసి టీ తాగే వాళ్లు. అతను పాతగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ప్రింటరు మూత బిగించి, దాని యజమానితో, “ఇది నేను చెయ్యనన్నా, ఇంకొకర్ని పిలుచుకో” అన్నాడు. నా వైపు తిరిగి, “వస్తా సార్” అని వెళ్లిపోయాడు. అతను వెళ్లాక ఎవరో, “పెద్దాయన ఊరికే అనడులే” అన్నారు. ఆ మాటకు నాకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మా ఊళ్లో నా మాటకు విలువ ఎక్కువ. హద్దు ఇది అని నేను రాస్తే అదే హద్దు. ఈ మాట కూడా అట్లాగే పోయింది. అతను మూత విప్పుతుంటే జనం పక్కనే నిలబడి చూడటం మొదలుపెట్టారు. కొందరు లోపలి సామాన్ల మీద గోళ్లరంగుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. మా షెడ్డులో ఒకాయనైతే పత్రాలకు వేసే లక్కతో డబ్బా మూతకు సీలు వేసి పంపి, “లోపల చెయ్యి పెట్టకుండా బాగుచెయ్యప్పా” అన్నాడు. ఆ ముచ్చట నెలరోజులు చెప్పుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

నా కంప్యూటరును నంద్యాల పంపాను. అక్కడి వాళ్లు రెండు రోజులు ఉంచుకుని, మా దగ్గర బాగానే లేస్తోందని తిప్పి పంపారు.

అది తిరిగి వచ్చిన నాలుగో రోజు మోకాలు వాచి, పొద్దున పని సగంలో కంప్యూటరును స్లీప్‌లో పెట్టి లోపలిగదిలో పడుకున్నాను. పదకొండు గంటలకు కరెంటు పోయింది. ఆ ఎండాకాలం కోతలు వారానికొక వేళకు మారేవి. ముందుగదిలో యూపీఎస్ కుయ్ కుయ్ మని మొదలుపెట్టింది. మా ఇంటామె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఫ్రిజ్ స్విచ్చు ఆపింది. టీవీది ఆపింది. ముందుగదిలోకి వెళ్లింది. కుయ్ కుయ్ ఆగిపోయింది.

“ఏమే, ఏం చేసినావు?”

“ఏముంది, అన్నీ ఆపినా. కరెంటు పాయె గదా.”

“అది కూడానా? రోజూ ఆపుతాండావా?”

“నువ్వు లేనప్పుడు నేనే గదా ఆపాల్సింది. నువ్వుంటే ఈ గదిలోకి నేనెందుకొస్తా? కరెంటు వచ్చినాక నిదానంగా మళ్లీ వేస్తాండా. ఒక్కనాడు గూడ మర్సిపోలేదు.”

“దాన్ని ఆపమని నీకు ఎవురు చెప్పినారు?”

ఆమె నన్ను వింతగా చూసింది. “నువ్వే చెప్తివి.”

నేనే చెప్పాను. అంతకు మూడేళ్ల ముందు, పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువై వచ్చి మా టీవీని కాల్చేసింది. మా సీమలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు ఆమెను కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను. కరెంటు పోగానే ఇంట్లో ప్రతి స్విచ్చూ ఆపాలి, వచ్చి కుదురుకున్నాక ఒక్కొక్కటే వేయాలి, ఇందులో పొరపాటు జరిగితే ఊరుకోను అని. ఆమె పొరపాటు చేయలేదు. స్లీప్‌లో ఉన్నదానికి ప్రాణం ఆ కాస్త కరెంటే, అది ఆపితే గుర్తుపెట్టుకున్నదంతా పోతుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

“ఇన్ని దినాలు నేను మొత్తుకుంటాంటే నాకొక మాట చెప్పకూడదా?”

“నన్ను ఎప్పుడన్న అడిగితివా? ఆ డబ్బాను గురించి నేను మాట్లాడితే నీకేం తెలుసంటావు.”

ఆ రోజు నుంచి యూపీఎస్ ముట్టుకోవద్దన్నాను. ఆ రోజు నుంచి కంప్యూటరు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దీని తర్వాత నేను చేసింది పొరపాటు కాదు. షెడ్డులో ఎవరో అడిగారు, “ఏం పెద్దాయనా, లేస్తాందా?” అని. లేస్తోందన్నాను. “చూసినారా, నంద్యాలోళ్లు పట్టినారు. ఈడ ఉండేటోడు ముంచినాడు గానీ” అన్నాడు ఆ మనిషి. నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. నోరు విప్పలేదు. ఇంట్లో ఆడమనిషి స్విచ్చు ఆపితే కనుక్కోలేకపోయానని ఇరవై మంది ముందు చెప్పడం నా వల్ల కాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. వానలు వచ్చాయి, పోయాయి. ఒకరోజు బస్టాండు వైపు వెళ్తే అతని కొట్టులో సెల్‌ఫోన్ కార్డులు అమ్ముతున్నారు. అతను కర్నూలులో ఎవరి దగ్గరో జీతానికి కుదిరాడని చెప్పారు.

ఇంకో ఏడాది పట్టింది నాకు, కర్నూలు బస్సెక్కడానికి. ఒక పెద్ద కొట్టు వెనక, మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని పనిచేస్తున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు జరిపాడు. నేను నిలబడే అంతా చెప్పాను.

అతను చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టాడు. “నేను అడిగితిని మామా. ఇంట్లో ఎవరన్నా ముట్టుకుంటాండారా అని.”

“అడిగినావు.”

“ఆ ఫాల్టు ఏందో తెల్కుండ నాకు శానా దినాలు అన్నం సయించలా. నా చేతిలోనే ఏమన్న తప్పు జరిగిందేమోనని.” తర్వాత అడిగాడు. “ఈ మాట ఆడ చెప్పినావా, షెడ్డులో?”

“లేదు.”

“ఆడ చెప్పల్ల మామా. నాకు చెప్తే ఏముంది? నేను తియ్యలేదని నాకు తెల్దా?”

టీ తెప్పించాడు. మా ఇంటామె ఆరోగ్యం అడిగాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

మర్నాడే షెడ్డులో చెప్పాను. లేచి నిలబడి, గొంతు పెంచి, యూపీఎస్ సంగతి, ఇంటామె సంగతి, నేను నోరు మూసుకున్న సంగతి అన్నీ చెప్పాను. విన్నారు. లక్క సీలు వేసినాయన అన్నాడు, “నీ మనసు శానా మంచిది పెద్దాయనా. వాడు ఊరిడిసి పోయినాడని జాలిపడి వెనకేసుకొస్తాండావు.” మిగతావాళ్లు తలలూపారు. ఒక్క మాటలో నమ్మినవాళ్లు, గంటసేపు చెప్పినా నమ్మలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి, జరిగిందంతా దస్తావేజు రాసినట్టే రాశాను. ఫలానా యంత్రంలోంచి ఫలానా మనిషి ఏ వస్తువూ తీయలేదని, నింద నాదేనని. కింద నా సంతకం, ఇద్దరు సాక్షులకు గీతలు. పట్టుకెళ్లి షెడ్డులో అడిగాను. ఊరూపేరూ తెలియని వాళ్ల పొలాల పత్రాల మీద రోజూ కళ్లు మూసుకుని సాక్షి సంతకాలు పెట్టేవాళ్లు, ఆ కాగితాన్ని చివరిదాకా చదివి, “మేం చూడలేదు గదా పెద్దాయనా” అని తిరిగి ఇచ్చారు.

మొదటి గీత మీద మా ఇంటామె సంతకం పెట్టింది. రెండో గీత ఖాళీగానే ఉంచి, ఒక ప్రతి కర్నూలుకు పోస్టు చేశాను, ఒకటి నా కొట్టు తలుపుకు అంటించాను. పార్టీలు వచ్చి నిలబడి చదివి, తమ పని గురించి అడుగుతారు.