గోపాలం మార్చిన బల్బు

హిందీ దేశంలో ఉక్కు ప్లాంటు పక్క బస్తీ క్యాంప్ వన్‌లో ప్రసవాలు చూసే డాక్టరు కామాక్షమ్మ గారికి ఒక పాత చిన్న కారు ఉండేది. దాన్ని నడిపేదీ, తుడిచేదీ గోపాలమే. విజయనగరం నుంచి వచ్చినవాడు. పైడితల్లికి దండం పెట్టుకోనిదే తాళం తిప్పేవాడు కాదు. ఆ ఏడాది ఆ దండంలో ఒక కోరిక కూడా చేరింది: నరసింగరావు పగలు డాక్టరమ్మగారి కంట పడకుండా, వాడికి రోజూ రాత్రి షిఫ్టే పడాలని.

నరసింగరావు గోపాలానికి పక్కింటివాడు. ప్లాంటులో కొలిమి వేడి కొలిచే పరికరాలు చూస్తాడు. అమ్మగారు అతణ్ణి మెచ్చుకున్నప్పుడల్లా గోపాలానికి అన్నం సహించేది కాదు. బండి ఒకసారి దారిలో ఉడికిపోయాక ఆవిడ అననే అన్నారు.

"ఇంకోసారి ఇలా అయితే బండి మంచీచెడ్డా నరసింగరావుకే అప్పజెప్పేస్తాను. నువ్వు నడిపితే చాలు."

నరసింగరావు వచ్చి, వేడి చూపించే ముల్లు కేసి చూశాడు. "ఇంజను కాలిపోతన్నా ముల్లు లెగడం నేదు బావా. బల్బు పోయింది. మార్సీ."

ఏ బల్బని అడగడానికి గోపాలానికి నోరు రాలేదు. "నాకు తెల్దేటి?" అన్నాడు. ముల్లు వెనక వెలిగే చిన్న దీపం తీసి కొత్తది పెట్టాడు.

అమ్మగారిని ఎక్కించుకుని పక్క ఊరు జాముల్ నుంచి వస్తుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి. రబ్బరు గొట్టం చిల్లిపడి నీళ్ళన్నీ కారిపోయాయి. ముల్లు మాత్రం కొత్త వెలుగులో చల్లగా పడుకునే ఉంది. రోడ్డు పక్క గుడిసె ముసలమ్మ, అడక్కుండానే, తాను తాగే నీళ్ళకుండ తెచ్చి "లే బేటా" అని హిందీలో అంటూ చేతికిచ్చింది. అప్పుడే సైకిలు మీద నరసింగరావు.

"ముల్లు బాగుచేశానన్నావుగా గోపాలం?" అన్నారు అమ్మగారు.

గోపాలం చూపించిన దీపం కేసి చూసి నరసింగరావు నవ్వలేదు. "తప్పు నాదేనమ్మా. ఇంజను నీళ్ళలో మునిగుండే ఇత్తడి బుడ్డీని మేం బల్బంటాం. దానికి వేడి తగిల్తేనే ముల్లు లేస్తాది. అది సెప్పకుండా ఉట్టి బల్బన్నాను. ఎవులైనా దీపమే మారుస్తారు."

అమ్మగారు నవ్వేశారు. బండి గోపాలానికే మిగిలింది. మిగిల్చింది మాత్రం వాడు! మంచితనంలోనూ వాడే ముందున్నాడని గోపాలానికి ఒళ్ళు మండింది.

ఆదివారం నరసింగరావు కొత్త బుడ్డీని వేణ్ణీళ్ళ గ్లాసులో ముంచాడు. ముల్లు లేచింది.

"సూసినావా బావా?"

"సూసినాన్లే. ఇటియ్యి, నేనే బిగిస్తాను." బుడ్డీని ముల్లుకు కలిపే గొట్టం పట్టుకుని, "ఈ సన్నగొట్టం ఎలగ తిప్పాలేటి?" అన్నాడు గోపాలం.

"గుండ్రంగా. మడత పడకూడదు."

మర్నాడు దండం పెట్టుకుంటూ పైడితల్లితో చెప్పుకున్నాడు: రాత్రి షిఫ్టు రోజూ వద్దు తల్లీ, వారం విడిచి వారం చాలు.