కొంగమ్మ పద్నాలుగో నిమిషం

ఆవిడ ఒకసారి కూర్చుందంటే కూర్చున్నట్టే. ఫ్యాను గాలికి కర్టెన్ కదులుతుంది, గోడ మీద క్యాలెండర్ కదులుతుంది, ఆవిడ చెవి లోలాకు మాత్రం కదలదు. ఓసారి ఒక బల్లి ఆవిడ్ని గోడలో భాగం అనుకుని భుజం దాకా పాకి, అక్కడ తీరిగ్గా ఒక దోమని పట్టుకు తిని, దిగి వెళ్ళిపోయిందంటారు. ఆయా చెప్పేది ఇంకో మెట్టు పైమాట. బూజుకర్రతో గదంతా దులిపి, ఆ వరసలో ఆవిడ భుజాలు కూడా దులిపి, తడిగుడ్డతో మొహం తుడవబోతుంటే "ఇక చాలమ్మా" అని బొమ్మ మాట్లాడేసరికి బకెట్ వదిలేసి మెట్లన్నీ ఒక్క దూకులో దిగిందట. బకెట్‌కి సొట్ట ఇప్పటికీ ఉంది. నమ్మనివాళ్ళు వెళ్ళి సొట్ట చూసుకోవచ్చు, టికెట్ లేదు.

అందుకే క్లినిక్‌లో అందరూ ఆవిడ్ని చాటుగా కొంగమ్మ అంటారు. చాటుగా అంటున్నామని వాళ్ళ నమ్మకం. ఆవిడకి అది ఎప్పుడో తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

మూడో అంతస్తులో ఉందా క్లినిక్. కింద కళ్ళజోళ్ళ షాపు. మనసు ఒకచోట నిలవనివాళ్ళు పైకి వస్తారు. పిల్లలొస్తారు. పిల్లల్ని తెచ్చి, "నాక్కూడా చిన్నప్పట్నించీ ఇంతేనండీ" అని గొంతు తగ్గించి చెప్పే తండ్రులొస్తారు. వచ్చినవాళ్ళు గొడుగు మర్చిపోతారు, గొడుగు కోసం మళ్ళీ వచ్చి పర్సు మర్చిపోతారు. ఒకాయనైతే ఏకంగా వాళ్ళత్తగారినే వదిలేసి వెళ్ళాడు. అది మాత్రం జబ్బు లెక్కలోకి రాదని పెద్దడాక్టరు తేల్చేశాడు.

మందులు రాసేది ఆ పెద్దడాక్టరు. నోరు తెరిస్తే రైలుబండి, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని క్లినిక్కంతా వెతికే మనిషి. పరీక్ష చేసేది కొంగమ్మ. సైకాలజిస్టు, ఇరవై ఏడేళ్ళ అనుభవం.

పరీక్ష చూడ్డానికి చిన్నదే. పేషంటు ముందు తెర ఉంటుంది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోతుంటాయి. ఫలానా అక్షరం తప్ప ఏదొచ్చినా బటన్ నొక్కాలి. అరగంట. ఆ గదికో పెద్ద అద్దం ఉంటుంది. పేషంటుకి అది అద్దం, వెనక చీకటిగదిలో ఉన్నవాళ్ళకి కిటికీ. "మిమ్మల్ని అవతలినుంచి చూస్తుంటాం" అని ముందే చెబుతారు, దొంగచూపు కాదు. మూలనున్న కెమెరా వీడియో కూడా తీస్తుంది, దాన్ని తెరిచి చూసేవాళ్ళే లేరు. చీకటిగదిలో రెండు స్టూళ్ళు. కొంగమ్మ చేతిలో ఒక చీటీ, చీటీలో ముప్పై గడులు, నిమిషానికొకటి. పేషంటు కాలు కదిపితే ఒక గీత. చూపు తెర దాటి పక్కకి పోతే ఒక గీత. కుర్చీ తిప్పితే ఇంకో గీత. రిపోర్టులో ఇంకా చాలా ఉంటాయి, ఇంట్లోవాళ్ళ మాటలు, ఆఫీసు కాగితాలు అన్నీ. కానీ త్రాసు ఎటూ మొగ్గకపోతే చివరికి మొగ్గేలా చేసేది ఈ గీతలే. కొంగమ్మ గీత అంటే క్లినిక్‌లో రాతి మీద గీత.

ఈవిడ దగ్గరికి ఐదు నెలల కిందట ఒక కొత్త పిల్ల జూనియర్‌గా చేరింది. ఇరవై నాలుగేళ్ళు, చదువులో మెడల్ కొట్టింది, మిగతాదంతా కాళ్ళే. కూర్చుందంటే కుడికాలు టకటకటక ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుకి టేబుల్ మీద పెన్నులు బయల్దేరి అంచుదాకా నడిచొచ్చేవి. కింద షాపులో అద్దాలు మోగుతున్నాయని షాపాయన పైకొచ్చి అడిగాడని కూడా ఒక కథ ఉంది. మొదటిరోజే ఆయా పేరు పెట్టేసింది: కుట్టుమిషను.

"పిల్లా, ఆ కాలికి ఒక బట్ట తగిలించు, సాయంత్రానికి నాలుగు దిండు గలేబులు కుట్టేస్తావు" అనేది ఆయా.

"గలేబుకి ఎంతిస్తావు పిన్నీ?" అనేది ఆ పిల్ల, కాలు ఆపకుండానే.

కొంగమ్మకి ఆ కాలు కంట్లో నలుసు. ఎదుటివాడి కదలిక పట్టుకోవాలంటే ముందు మనం కదలకూడదు, ఇది ఆవిడ సిద్ధాంతం. నీళ్ళు తొణికితే నీడ కనిపిస్తుందా?

ఆ క్లినిక్‌లో ఒక ఆనవాయితీ ఉంది. జోడీ లెక్క అంటారు. కొత్తగా చేరినవాళ్ళు కొంగమ్మ పక్క స్టూలు మీద కూర్చుని అదే పేషంటుకి విడిగా గీతలు గీయాలి. తర్వాత రెండు మొత్తాలూ పోల్చి చూస్తారు. ఆరు నెలల్లో మూడుసార్లు. మూడు గీతలకి మించి తేడా రాకూడదు. ఒక్కసారైనా కుదిరితే ఉద్యోగం ఖాయం, మూడుసార్లూ తప్పితే నమస్కారం.

కుట్టుమిషను మొదటి జోడీ: కొంగమ్మకి ముప్పై ఎనిమిది, పిల్లకి నలభై తొమ్మిది. రెండోది: నలభై నాలుగు, యాభై ఆరు. "లేని గీతలు గీస్తోంది, తన కాలు కూడా కలిపి లెక్కేస్తోందేమో" అని పెద్దడాక్టరు నవ్వాడు. పిల్ల నవ్వలేదు. ఇంటి అద్దె, తమ్ముడి చదువు ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి.

మూడోది మొన్న సోమవారం జరిగింది. పేషంటు ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే ఆవిడ. ముప్పై ఎనిమిదేళ్ళు, మూడు ఉద్యోగాలు మతిమరుపుతో పోగొట్టుకుంది. "నాకు జబ్బయినా ఉందని చెప్పండి, లేదా నేను పనికిమాలినదాన్నని చెప్పండి, ఏదో ఒకటి తేల్చండి" అని కూర్చుంది. కొంగమ్మ లెక్క నలభై ఒకటి. పిల్ల లెక్క యాభై మూడు. త్రాసు సరిగ్గా మధ్యలో ఆగిన కేసు. నలభై ఒకటైతే జబ్బు లేదనీ, యాభై మూడైతే ఉందనీ రాయాలి. రాతి మీద గీత ఎవరిదో తెలిసిందేగా.

మర్నాడు పొద్దున్న టీ కప్పు ముందు కొంగమ్మ చిరాగ్గా ఉంది. ఎదురుగా మొగుడుగారు. కూల్‌డ్రింకు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సీసాలు చూసి రిటైరైన మనిషి. సీసాలు ఒక పట్టా మీద బారుగా వెళ్తుంటే, వెనక దీపం వెలుగులో నలుసో పగులో ఉన్నదాన్ని తీసెయ్యడం ఆయన పని.

"ఇవాళ ఆ పిల్లని పంపించెయ్యాలండీ. మూడుసార్లూ తేడా."

"ఎంతసేపు చూస్తారు మీరు?"

"అరగంట."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఏకబిగిన? మమ్మల్ని పావుగంటకి లేపేసి ఇంకోణ్ణి కూర్చోబెట్టేవాళ్ళోయ్. ఆ తర్వాత కన్ను తెరిచే ఉంటుంది, సీసా కనబడదు. చెయ్యి మాత్రం అలవాటుగా వందకొకటి తీసి పక్కన పెడుతుంటుంది. అందులో నలుసు ఉందో లేదో ఆ దేవుడికెరుక."

"మనుషుల్నీ సీసాల్నీ ఒకే గాటన కట్టకండి."

"నేనెక్కడ కట్టాను? కన్నుల్ని కట్టాను."

ఆవిడ టీ సగంలో వదిలేసి లేచింది. దారంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. క్లినిక్‌కి వెళ్ళగానే బీరువా తీసి మూడు జోడీల చీటీలూ బయటికి లాగింది. ఫైల్లోకి మొత్తాలే ఎక్కుతాయి. గడుల్లోకి తొంగిచూసే అవసరం ఎవరికీ రాలేదు, చీటీలు కవర్లో పడి ఉంటాయంతే.

ఆరు చీటీలు టేబుల్ మీద పరిచింది. పదమూడో గడి దాకా ఆవిడ గీతలూ పిల్ల గీతలూ కవలల్లా ఉన్నాయి. పద్నాలుగు నుంచి దారులు వేరు. పిల్ల గడుల్లో ఒకచోట సున్నా, ఒకచోట ఐదు, ఒకచోట నాలుగు. కొంగమ్మ గడుల్లో రెండు, ఒకటి, రెండు, ఒకటి. మొదటి చీటీలో రెండు, ఒకటి, రెండు, ఒకటి. రెండో చీటీలోనూ అంతే. మూడోదాంట్లోనూ అంతే. చివరి పదిహేడు గడులు కూడితే మూడింట్లోనూ ఇరవై ఆరు.

ముగ్గురు వేరువేరు మనుషులు. ఒకేలా ఎలా కదులుతారు? సైన్యం కవాతా?

తలుపేసుకుని పార్సిళ్ళావిడ వీడియో పెట్టింది. పదిహేడో నిమిషంలో ఆవిడ పాదం చెప్పులోంచి బయటికొచ్చింది, లోపలికి పోయింది, మళ్ళీ వచ్చింది. నాలుగుసార్లు. కొంగమ్మ చీటీలో ఒక్క గీత. ఆ పాదాన్ని చూసిన గుర్తే లేదు. అద్దానికి ఇవతల తనే కూర్చుంది, కళ్ళు తెరుచుకునే ఉంది, చెయ్యి గీస్తూనే ఉంది. మరి లోపలి మనిషి ఎక్కడికి పోయింది? పోతూ పోతూ చేతికి పని అప్పగించి, తలుపు చప్పుడు కూడా చెయ్యకుండా పోయిందే! తనకే తెలియనివ్వలేదే!

భయమెయ్యాలి, సిగ్గెయ్యాలి. అవి తర్వాత వచ్చాయి, వడ్డీతో సహా. ముందు మాత్రం మొదటిసారి సముద్రం చూసిన పిల్లలా నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా మనసు పోకళ్ళు కాపలా కాస్తున్నాననుకుంది. అది తన నెత్తి మీదుగానే వస్తూ పోతూ ఉంది.

కుట్టుమిషన్ని పిలిచింది. పిల్ల అప్పటికే సంచీ సర్దుకుని ఉంది. చీటీలు చూడగానే మొహం పాలిపోయింది.

"నీకిది ముందే తెలుసా?"

పిల్ల కాలు రెండింతల జోరందుకుంది. "నాకు ముందు చేసినవాళ్ళు చెప్పారు మేడం. జోడీ లెక్కలో పాసవ్వాలంటే పేషంటుని చూడకు, మేడమ్‌ని చూడు. పద్నాలుగో నిమిషం నుంచి రెండు, ఒకటి, రెండు, ఒకటి వేసుకుంటూ పో అన్నారు."

"అందరూ అలాగే పాసయ్యారా?"

"అందరూ అండి."

కొంగమ్మకి నేర్పిన గురువు రిటైరై పంతొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా కొంగ లెక్కని ఎవరూ చూడలేదు, అందరూ కొంగనే చూశారు.

"మరి నువ్వెందుకు వెయ్యలేదే? ఉద్యోగం పోతుందని తెలుసు కదా?"

"వేద్దామనే కూర్చున్నానండి, ఒట్టు. మూడుసార్లూ అలాగే అనుకున్నాను." పిల్ల తన చీటీలో పదిహేడో గడి మీద వేలు పెట్టింది. "కానీ అవతల ఆవిడ కాలు కదిపింది కదండీ."

కొంగమ్మ ఆ పిల్ల వైపు చాలాసేపు చూసింది. ఈసారి లోపలి మనిషి ఎక్కడికీ పోలేదు. చూపు మెల్లగా కిందికి, ఆ ఊగే కాలి మీదికి దిగింది. "ఇదాపితే ఏమవుతుంది?"

"ఆపితే నిద్రొస్తుంది మేడం. స్కూల్లో ఆపమన్నప్పుడల్లా పాఠం పోయేది."

కొంగమ్మ కలం అందుకుంది. పిల్ల ఫైలు తెరిచి ఉద్యోగం ఖాయం చేసే చోట సంతకం పెట్టింది. కింద కారణం రాసే గడిలో ఇలా రాసింది: "మూడు జోడీ లెక్కల్లోనూ ఈమె లెక్కే సరైనది. తప్పు నాది." ఆ ఫైలూ ఆరు చీటీలూ పట్టుకుని పెద్దడాక్టరు గదిలోకి వెళ్ళింది.

ఆయన చదివాడు. నెత్తిన ఉన్న కళ్ళజోడు కోసం మూడు సొరుగులు లాగి, నాలుగోది లాగబోయి ఆగాడు.

"అక్కయ్యా, ఇది బయటికి పొక్కితే... పరీక్ష చేసేవాళ్ళకే ధ్యాస లేదంటారు. కంచే చేను మేసిందంటారు. పిల్లకి ఉద్యోగం ఇచ్చేద్దాం, ఇక ముందు జాగ్రత్తగా ఉందాం. పాతవన్నీ ఎందుకు తవ్వడం?"

"ఎన్నేళ్ళ వీడియోలు ఉన్నాయి మన దగ్గర?"

"రెండేళ్ళవి."

"అందులో నా గీతలతో త్రాసు మొగ్గిన కేసులు పొద్దుట్నించీ తీశాను. ఏడు. ఏడుగురికీ నేనే ఫోన్ చేస్తాను. తప్పు క్లినిక్‌ది కాదు, నాదని చెప్తాను. మీ కళ్ళజోడు నెత్తి మీద ఉంది డాక్టరుగారూ."

మొదటి ఫోను పార్సిళ్ళావిడకి. ఇంకా పంపని రిపోర్టు జబ్బుందని మారిందనీ, మళ్ళీ రమ్మనీ చెప్పింది. అవతలినుంచి ఒక చిన్న మాట: "అయితే నేను పనికిమాలినదాన్ని కాదన్నమాట." కొంగమ్మ ఫోను పెట్టేశాక ఆ చెయ్యి ఫోను మీదే కాసేపు ఉండిపోయింది. మిగతా ఆరూ అంత తేలిగ్గా సాగలేదు. ఒకాయన నానా మాటలూ అన్నాడు. ఆవిడ ఒక్కటీ పోనివ్వకుండా విన్నది.

ఆ వారం నుంచే పద్ధతి మారింది. స్టూళ్ళు రెండూ నిండుతాయి. పావుగంటకి చీటీ చేతులు మారుతుంది. సీసాల ఫ్యాక్టరీ పద్ధతి అని మొగుడుగారు వీధి వీధంతా చాటుకున్నాడు, జీతం కూడా అడిగాడు.

శనివారం పేషంట్లు వెళ్ళాక కొంగమ్మ తనంతట తనే తెర ముందు కూర్చుంది. అద్దం వెనక కుట్టుమిషను. అరగంట తర్వాత పిల్ల చీటీ తెచ్చిచ్చింది. ముప్పై గడులూ ఖాళీ. కదలికలు సున్నా. బటన్ తప్పులు పద్నాలుగో నిమిషం నుంచి పదకొండు. కింద చిన్న అక్షరాలతో, "ఒకసారి కాలు ఊపి చూడండి మేడం."

కొంగమ్మ చీటీని రెండుసార్లు చదివింది. మళ్ళీ తెర వైపు తిరిగింది. యాభై ఆరేళ్ళ కాలు, ఊగడం మర్చిపోయిన కాలు. మొదట చెప్పు ఎగిరి గోడకి కొట్టుకుంది. తర్వాత ఒక ఊపు, ఆగిపోయింది, ఇంకో ఊపు. పద్నాలుగో నిమిషానికి టకటక అందుకుంది. పదిహేనో నిమిషం వచ్చింది, పదహారోది వచ్చింది. అక్షరం వస్తోంది, కనబడుతోంది. మళ్ళీ వస్తోంది, మళ్ళీ కనబడుతోంది.

గది తుడవడానికి తలుపు తోసిన ఆయా కొంగమ్మ కాలు చూసింది.

బకెట్‌కి ఇప్పుడు రెండు సొట్టలు.