గోడ మీద రాసిన నూట ముప్పై

ప్రొద్దుటూరులో నాది ఫైబర్ పని చేసే చిన్న కొట్టు. ఆటోల మడ్‌గార్డులు, పగిలిన నీళ్ల తొట్లు అతికించేవాణ్ణి. ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఏ మందు ఎంత కలిపితే జిగురు ఎంతసేపటికి గట్టిపడుతుందో ప్రతిసారీ సుద్దముక్కతో గోడ మీద రాసుకుంటూ నేర్చుకున్నాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఆ గోడే పుస్తకం.

ఒక గురువారం పొద్దున జమ్మలమడుగు నుంచి ఒకతను పెద్ద మోటారుసైకిలు తెచ్చి నిలబెట్టాడు. ముందు చక్రం వీధివైపు, తాళం బండికే. నాయకుల వెంట తిరిగేవాళ్లు ఏ క్షణమైనా పారిపోను వీలుగా అట్లాగే నిలుపుతారు. అతని నాయకుడి కొడుకు బెంగుళూరులో కొని, మోజు తీరాక ఇతనికిచ్చిన బండి అది. ట్యాంకు ఇనుముది కాదు, కార్బన్ ఫైబర్‌ది. నల్లదారంతో నేసిన గుడ్డలాగా ఉంది. మోకాలు ఆనేచోట అతుకు విచ్చి పెట్రోలు కారుతోంది. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి పన్నెండు చుక్కలు. పడేది నేరుగా ఇంజను మీద.

"ఆరు దినాలు పడ్తాదప్పా," అన్నాను. పెట్రోలు పీల్చిన ఫైబరు రెండు రోజులు ఎండాలి. పైన కొత్త గుడ్డ అతికిస్తే ఒక రోజు, లోపలి పూత ఆరడానికి మూడు రోజులు.

"సోమారం పులివెందుల కోర్టులో వాయిదా ఉండాది మామా. పోకుంటే వారెంటు."

"బస్సులో పో."

"బస్సు ఎన్ని గంటలకు యాడ నిలబడ్తాదో నాకొక్కనికే తెలుసునా?"

అతని వాయిదా తేదీ అవతలి పార్టీ వాళ్లకూ తెలుసు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. కోర్టుకు పోయిన మనుషులు ఇంటికి రాని రోజులవి.

అక్కడే నిలబడి లెక్క వేశాను. ట్యాంకును ఎండలో పెడితే సోమవారానికి పై అతుకు గట్టిపడుతుంది, లోపలి పూత మాత్రం పచ్చిగానే ఉంటుంది. విచ్చిన చోటు కింది నుంచి మూడో వంతు ఎత్తులో ఉంది. పెట్రోలు దానికి కిందనే ఉంటే భయం లేదు. అంటే నాలుగు లీటర్లు. దారిలో బంకుల దగ్గర ఆగడం అతనికి ప్రమాదం. లీటరుకు ముప్పై ఐదు చొప్పున నూట నలభై కిలోమీటర్లు. గోడ మీద రాశాను: ప్రొద్దుటూరు–జమ్మలమడుగు 20, జమ్మలమడుగు–పులివెందుల 55, తిరిగి 55. మొత్తం 130. సోమవారం. కింద రెండు గీతలు కొట్టాను.

సోమవారం పొద్దున్నే ఆటోలో వచ్చాడు.

"నాలుగు లీటర్లకు మించి పొయ్యొద్దు. మళ్లీ కారిందంటే కాళ్ల నడుమ మంట," అన్నాను.

"ట్యాంకు నిండుగా లేకుంటే నాకు నిద్ర పట్టదు మామా."

"రెండు దినాలు నిద్ర పోవాకు."

నవ్వాడు. "సరే, నీ లెక్క మీద పోతాండా. తేడా వస్తే వచ్చి నీ గోడకే చెప్తా."

ఆ రోజంతా నాకు పని సాగలేదు. మరునాడు మధ్యాహ్నం వచ్చాడు. నేను వంగి అతుకును తడిమాను. పొడిగా ఉంది.

"కార్లేదులే. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ కాడ పెట్రోలు అయిపాయ."

చిలమకూరు నేను రాసిన దారిలో లేదు. అతను వేంపల్లె మీదుగా ఎర్రగుంట్లకు చుట్టి వచ్చాడు. లారీల నడుమ గంటసేపు నక్కి కూర్చుంటే, ఫ్యాక్టరీ కూలీ ఒకతను తన స్కూటర్లోంచి సీసాడు పెట్రోలు తీసి ఇచ్చాడట.

"అంత చుట్టు ఎందుకప్పా?"

"పోయిన దావన తిరిగొస్తామా మామా ఎవురన్నా?"

నిజమే. నిలబెట్టిన బండిని చూసి మనిషిని పోల్చుకున్న నాకు ఆ సంగతి తోచలేదు.

"ముందే చెప్పింటే లెక్క మార్చేవాణ్ణి గదా."

"చెప్తే యాడ రాసేవాడివి?" అని గోడవైపు చూశాడు.

సుద్ద రాత అట్లాగే ఉంది. ఊళ్ల పేర్లు, సోమవారం, రెండు గీతలు. వీధిలో నిలబడినా చదవొచ్చు.

"నువ్వు రాసిన ముద్దనూరు దావలో కల్వర్టు కాడ నిన్న ఒక జీపు మధ్యాన్నం నుంచి నిలబడిండెనంట," అన్నాడు.

"ఆ దావ అందరికీ తెలిసిందే గదప్పా."

"తెలిసిందే. నిన్నేమన్నా అంటినా?" బండి ఎక్కాడు. "ఇంక నిండుగా పోసుకోవచ్చునా?"

"రేపు సాయంత్రం దాకా ఆగు."

"ఇంకా లెక్కేనా," అని బండిని బంకు వైపే తిప్పాడు.

తడిగుడ్డతో గోడంతా తుడిచాను. నేను నేర్చుకున్నదంతా దాంతోపాటే పోయింది. తర్వాత కూర్చుని, గురువారం నుంచి సోమవారం దాకా కొట్టుకు ఎవరెవరు వచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టాను. పదిహేడు మంది. పద్నాలుగు మందిది ఏ ఊరో నాకు తెలుసు. తక్కిన ముగ్గురూ ఏం పని మీద వచ్చారో ఎంత ఆలోచించినా ఇప్పటికీ గుర్తు రావడం లేదు.