డౌన్‌లోడ్ చేయని దారులు

ఈ సంగతి కాగితం మీద పెట్టకపోతే వచ్చే ఆదివారం నేను కొండెక్కలేను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. బరువు వేరే చోట ఉంది. ఐదేళ్లుగా ఉంది. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పే ధైర్యం వచ్చింది.

మేం ముగ్గురం ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పనిచేస్తాం. నేను, లేత్ మీద అప్పన్న, వెల్డింగ్ దగ్గర సింహాచలం. నెలకో ఆదివారం అనంతగిరి వైపు కొండల్లో తిరుగుతాం. అక్కడ సిగ్నల్ ఉండదు. ఐదేళ్ల కిందట, నెట్ లేకుండా పనిచేసే మ్యాపు యాప్ ఎంచే పని నాకు అప్పగించారు, నేను చదువుతాను కాబట్టి. పదో తరగతి తప్పినవాడిని. మద్దిలపాలెం దగ్గరి లైబ్రరీయే నా కాలేజీ. పదిహేను రోజులు పటాల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను.

అప్పన్న ఫోన్‌లో అప్పటికే ఒక యాప్ ఉంది. కాలిబాటలు, వాగులు, ఊళ్లు కనిపిస్తాయి. ఇది చాలన్నాడు. చాలదన్నాను. సమోన్నత రేఖలు లేని పటం పటమే కాదని, టీ వేళ ఇనప రేకు మీద సుద్దతో కొండ గీసి, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల గురించి టీ చల్లారేదాకా చెప్పాను. ఆ గీతలున్న యాప్‌నే ఎంచి, అప్పన్న చేత పాతది తీయించేశాను. ఎంపిక మాత్రం తప్పు కాదు. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా వాదిస్తున్నాను.

తప్పు బయల్దేరే ముందు రోజు, శనివారం జరిగింది. ఆ యాప్‌లో దారులు వేరు, గీతలు వేరు. రెండూ విడివిడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫోన్‌లో చోటు చాలలేదు. నిండా నేను ఫొటోలు తీసుకున్న పుస్తకాల పేజీలే. వాటిని చెరపడానికి చెయ్యి రాలేదు. ఒకటే పడుతుంది. ఏది చేశాను? గీతలు. దారులు ఎలాగూ కొండ మీద కనిపిస్తాయి కదా అనుకున్నాను.

తీరా అక్కడికి వెళ్లాక తెర మీద పెద్ద వేలిముద్రలా గీతలే గీతలు, దారి ఒక్కటీ లేదు, మధ్యలో నీలిచుక్క. ఆ చుక్క మేమే. అప్పుడే చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఫోన్‌ను పొట్టకు ఆనించి పట్టుకుని "ఇటు" అన్నాను. మూడుసార్లు అన్నాను.

జీడితోట దగ్గర సింహాచలం ఆగిపోయాడు.

"బావా, ఈ ఆవుని పొద్దున సూసినాం కదేటి?"

"అది వేరే ఆవు."

"కొమ్ము ఇరిగిన ఆవులు ఈ కొండ మీద ఎన్నున్నాయేటి?" అన్నాడు అప్పన్న. "అది మనల్ని గుర్తుపట్టీసింది, సూడు."

నీళ్లు అయిపోయాయి. సింహాచలం వాళ్లది జాలరిపేట. వాళ్ల నాన్న సముద్రంలో యారాడ కొండనూ ఒడ్డు మీది ఇంకో గుర్తునూ ఒక వరసలోకి తెచ్చుకుని, తానెక్కడున్నాడో పోల్చుకునేవాడు. మేం బస్సు దిగినచోట రెండు శిఖరాలు సరిగ్గా ఒకదాని వెనక ఒకటి కనిపించాయట. సింహాచలం అది గుర్తుపెట్టుకున్నాడు. మళ్లీ అలా కనిపించేదాకా మమ్మల్ని పక్కకు నడిపించి, ఆ వరస పట్టుకుని కిందికి దించాడు. గంటలో రోడ్డెక్కాం.

నేనేం చేశాను? అతని ఫోన్ కవరు చూపించాను. దాని మూతలో అయస్కాంతం ఉందని, అదే నా ఫోన్‌లోని దిక్సూచిని చెడగొట్టిందని అన్నాను. "పుస్తకంలో ఉంది" అన్నాను. పుస్తకంలో నిజంగానే ఉంది. నా ఫోన్‌లో దారులు లేకపోవడానికి మాత్రం దానితో ఏ సంబంధమూ లేదు.

"నా వల్లేటి బావా ఇదంతా!" అని అతను అక్కడే కవరు ఊడదీశాడు. మధురవాడలో ఉద్యోగం చేసే కూతురు రమణమ్మ తొలి జీతంతో కొన్న కవరు అది.

అప్పటినుంచి ప్రతిసారీ ఫోన్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మా వెనక ఇరవై అడుగుల దూరంలో నడుస్తాడు. ఫోన్ స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంటుందన్నాను, డబ్బా కూడా నా సలహానే. దారి గురించి ఇక నోరెత్తడు. కవరేదని కూతురడిగితే పోయిందన్నాడట. నా అబద్ధం వాళ్లింట్లో ఇంకో అబద్ధం పెట్టింది.

మొన్న కొత్త యాప్ చూడమని మళ్లీ నాకే చెప్పారు. సింహాచలం తల దించుకుని అన్నాడు: "ఈపాలి నాను రాను బావా. నా ఫోన్‌తో మీకెందుకు ఇబ్బంది?"

ఆ రాత్రే ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఈ కాగితం నకలు శనివారం అతని టిఫిన్ డబ్బాలో పెడతాను. చదివాక ఆదివారం వస్తాడో రాడో, నాతో మాట్లాడతాడో లేదో తెలియదు. రాసినంతసేపూ మాత్రం ఊపిరి బాగా ఆడింది.

అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన లైబ్రరీ కామేశ్వరమ్మగారికి కృతజ్ఞతలు. పుస్తకాల తప్పేమీ లేదు. నేను వెక్కిరించిన యాప్‌నే తర్వాత నా ఫోన్‌లో వేసిపెట్టి, ఒక్క మాటా అనని అప్పన్నకు కృతజ్ఞతలు. నిజం చెప్పిన కొమ్ము విరిగిన ఆవుకు కూడా. కవరు కొన్న రమణమ్మకు క్షమాపణతో కలిపి. ఆ రోజు దారి చూపిన సింహాచలానికి, ఐదేళ్లు ఆలస్యంగా.