పదకొండు మెయిళ్ల కోసం తొమ్మిది రోజులు

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరి దగ్గర నుంచి మెయిల్ వచ్చినా, ఆ మనిషి దగ్గరికి స్వయంగా వెళ్లి "ఇది నువ్వేనా రాసింది?" అని అడిగితే గానీ నమ్మడు. వినికిడి యంత్రాలు తయారుచేసే కంపెనీలో మెయిళ్ల వ్యవహారమంతా ఆయనదే. నేను ఆయన కింద అసిస్టెంటుని. కాబట్టి ఈ జబ్బుకి ప్రత్యక్ష సాక్షిని, సగం బాధితుణ్ణి కూడా.

ఓసారి ఎండీ గారు "వెంటనే నా గదికి రండి" అని మెయిల్ పెట్టారు. బాబాయి మూడంతస్తులు ఎక్కి, తలుపు తోసి, "సార్, రమ్మన్నది మీరేనా?" అన్నాడు.

"నేనేనయ్యా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదండీ. మీరేనని తేలిందిగా, కిందికెళ్లి ఫైలు తెచ్చుకుంటాను."

ఇంట్లోనూ ఇదే వరస. పిన్ని "వచ్చేటప్పుడు సబ్బులు తెండి" అని మెసేజ్ పెడితే, ఫోన్ చేసి "నువ్వేనా?" అనేవాడు.

"కాదు, మీ రెండో పెళ్లాన్ని. నాకూ సబ్బులైపోయాయి" అనేది పిన్ని.

ఇలా ఉండగా ఒక సోమవారం మా కంపెనీ పేరుతో కస్టమర్లకి దొంగ మెయిల్ వెళ్లింది. "ఈ లింకు నొక్కి వివరాలు ఇవ్వకపోతే మీ యంత్రం ఆగిపోతుంది" అని. పాపం, నలుగురు పెద్దవాళ్లు హడలిపోయి నొక్కేశారు. అందరికీ హెచ్చరికలు పంపాం. ఎండీ గారు మాత్రం అగ్గిమీద గుగ్గిలం.

"మన పేరు ఎవడో ఎలా వాడుకుంటాడయ్యా?"

"కవరు మీద పంపినవాడి పేరు ఎవడైనా రాసెయ్యొచ్చు కదండీ, మెయిలూ అంతే. 'ఫలానా సర్వర్ల నుంచి వస్తేనే మావి, మిగతావి పారేయండి' అని మనం ప్రకటన పెడితే, అవతలి మెయిల్ కంపెనీలు పాటిస్తాయి" అన్నాడు బాబాయి.

"అయితే ఇవాళే పెట్టు."

"కుదరదండీ. మనవేవో ముందు తేలాలి."

మా పేరుతో ఎక్కణ్ణుంచి ఎన్ని మెయిళ్లు వెళ్తున్నాయో ఆ మెయిల్ కంపెనీలే కబురు చెప్పేలా బాబాయి రెండు నెలల కిందే ఏర్పాటు చేశాడు. ఆ రిపోర్టుల్లో అన్నీ పోల్చుకున్నాం, ఒక్కటి తప్ప. ఏదో బయటి సర్వర్ నుంచి ప్రతి శుక్రవారం పదకొండు మెయిళ్లు.

"పదకొండే కదా బాబాయ్, పోతే పోనీ. దొంగవే అయ్యుంటాయి."

"దొంగైతే పదకొండుతో ఆగుతాడట్రా? ఎవరో పాపం పని చేసుకుంటున్నారు."

ఇక మొదలైంది. ప్రతి బల్ల దగ్గరా "శుక్రవారం పదకొండు మెయిళ్లు పంపేది నువ్వేనా?" ఆయన అటు వస్తుంటే జనం ఇటు బాత్‌రూమ్‌కి పరుగు. పైనుంచి ఎండీ గారు రోజులు లెక్కపెడుతున్నారు.

తొమ్మిదో రోజు మెట్ల కింద రిపేరు గదికి చేరాం. ముసలి మేస్త్రి భూతద్దం పక్కన పెట్టి, "నేనేనయ్యా. ఏం, తప్పా?" అన్నాడు.

ఆ పదకొండు మందీ ఒంటరిగా ఉండే పాత కస్టమర్లు. "ఫోన్ చేస్తే వాళ్లకి సరిగ్గా వినపడదు కదా. అందుకని వారం వారం రాస్తుంటాను. యంత్రం తుడిచారా, అన్నం తిన్నారా అని." ఎప్పుడో మానేసిన ఉద్యోగి పెట్టిపోయిన ఆ బయటి సర్వర్ దారిలోనే పంపుతున్నాడాయన.

మొదటి రోజే ప్రకటన పెట్టేసి ఉంటే దొంగ మెయిళ్లతో పాటు ఇవీ చెత్తబుట్టలో పడేవి. మేస్త్రి కూడా తమని మర్చిపోయాడనుకుని ఆ పదకొండు ఇళ్లూ చిన్నబోయేవి.

బాబాయి మేస్త్రి మెయిళ్లని మా సర్వర్‌కి మార్చి, ఆ సాయంత్రమే ప్రకటన పెట్టాడు. ఎండీ గారు "తొమ్మిది రోజులా?" అని కేకలేస్తే, "ఆలస్యం నాదేనండీ" అన్నాడు తప్ప మేస్త్రి ఊసెత్తలేదు. తర్వాతి వారం దొంగ మళ్లీ మా పేరుతో వేలకి వేలు పంపాడు. ఒక్కటీ ఎవరి గుమ్మమూ తొక్కలేదు.

ఆ శనివారం మేస్త్రి మా గదికొచ్చాడు. "ఏమయ్యా, ఒకావిడ జవాబు రాసింది. ఈసారి అక్షరాలు బఠాణీ గింజలంత ఉన్నాయట, కళ్లజోడు వెతుక్కోకుండా చదివిందట. నేనేం మార్చలేదే!"

బాబాయి తలెత్తకుండా, "కొత్త సర్వర్ అంతేలెండి" అన్నాడు.

సర్వర్‌కీ అక్షరాల సైజుకీ ఏ సంబంధమూ లేదు.