పలచటి గ్యాస్కెట్

అరవైల మొదట్లో నెల్లూరు జిల్లా కోట అనే ఊళ్ళో నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. తాటాకు కప్పు, రెండు పానాల పెట్టెలు, బోలెడంత పొగరు. చుట్టుపక్కల ఉన్నవే నాలుగైదు కార్లు. వాటన్నిటికీ నేనే వైద్యుణ్ణి. పోటీ లేనిచోట గొప్పవాడు కావడం ఎంత సులువో అప్పట్లో నాకు తెలియదు.

ఆ కార్లలో ఒకటి ఒక పెద్ద ఆసామిది. పాత ఇంగ్లీషు కారు. ఆయనకు వరి పొలాలు కాక సముద్రపు ఒడ్డున సరుగుడు తోట ఉండేది. అక్కడికి పోవాలంటే చివరి మైలు ఒట్టి ఇసుక. ఒకసారి బంధువుల్ని ఎక్కించుకుని బయలుదేరితే కారు ఇసుకలో దిగబడింది. ఎడ్లను కట్టి లాగించారు. దాన్ని తలుచుకుని ఊరు చాలాకాలం నవ్వుకుంది. ఇంజను పొగ కక్కడం మొదలయ్యాక కారును నా షెడ్డుకు పంపిస్తూ ఆయన ఒకటే మాట అన్నాడు.

"ఏం చేస్తావో నాకు తెలీదు. ఇంకోసారి నా కారుకు ఎద్దులు కట్టకూడదు."

కారు తెచ్చినవాడు ఆయన డ్రైవరు. పనిలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. క్రైస్తవుడు. ఆదివారం పొద్దున ప్రార్థన ముగించుకుని వచ్చాకే స్టీరింగు పట్టేవాడు. అంత ముక్కోపి ఆసామి ఆ షరతుకు ఒప్పుకున్నాడంటే అతని పనితనం ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు.

ఇంజను విప్పి, సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు తిరగేసి చూస్తే నాకు నీరసం వచ్చింది. నీళ్ళు తిరిగే రంధ్రాల చుట్టూ ఉప్పు తినేసిన గుంటలు. మునుపటి డ్రైవరు తోట పక్కన కాలవలోని ఉప్పునీళ్ళే రేడియేటర్లో పోసేవాడట. మా ఒడ్డున చాలామంది చేసే తప్పే అది. నీళ్ళు ఏవైతేనేం, చల్లగా ఉంటే చాలుననుకునేవారు. కొత్త డ్రైవరుకు ఆ గుంటలు చూపించి, "ఇకమీద బావి నీళ్ళే పొయ్యాల. డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకో" అని చెప్పాను. మర్నాటికల్లా డబ్బా కొనుక్కొచ్చి నాకు చూపించాడు.

హెడ్డుకూ సిలిండర్లకూ నడుమ వేసే గ్యాస్కెట్ కోసం మద్రాసు పోయాను. కొట్టులో ముసలాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ కూరిన మందపాటిది. రెండోది పలచటి రేకు. హెడ్డు ఎట్లా ఉందని అడిగాడు. గుంటలు పడ్డాయని చెప్పాను.

"లేతు మీద చదును చేయించి పలచనిది వెయ్యి. చేయించకపోతే మందందే వెయ్యి. అదైతే మెత్తగా గుంటల్లో కూర్చుంటుంది" అన్నాడు.

మందంది వేస్తే కంప్రెషన్ తగ్గి ఇసుకలో లాగుడు తగ్గుతుంది. చదును చేయించాలంటే హెడ్డు నెల్లూరు పంపాలి, వారం పడుతుంది. ఆసామి రోజూ కబురు పెడుతున్నాడు. నా మనసంతా ఇసుక మీదే ఉంది. పలచటిదే కొన్నాను. గాజు పలక మీద గరుకు ఎమెరీ కాగితం పరిచి హెడ్డును రెండు రోజులు చేత్తో రుద్దాను. పెద్ద గుంటలు పోలేదు. పోలేదని వేలికి తెలుస్తూనే ఉంది. అయినా బోల్టులు బిగించేశాను.

కారు ఇసుకలో ఎక్కడా ఆగకుండా తోట దాకా పోయింది. ఆసామి నా భుజం తట్టాడు. నెలన్నర పాటు నా కాళ్ళు నేల మీద లేవు.

ఆ తర్వాత ఒకనాడు ఆసామి కోర్టు వాయిదాకు నెల్లూరు పోతుంటే, దారిలో కారు తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. వాయిదా అందలేదు. కారు లారీ వెనక తాడు కట్టుకుని ఇల్లు చేరింది. ఆయన వాకిట్లోనే హెడ్డు విప్పాను. సరిగ్గా పెద్ద గుంట దగ్గరే గ్యాస్కెట్ కాలిపోయి, నీళ్ళు సిలిండర్లోకి దిగాయి. డ్రైవరు బోల్టుల పళ్ళెం పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆసామి అరుగు మీద నుంచి నన్ను అడిగాడు. "ఉప్పునీళ్ళేనా? వీడు గూడా వాడి మాదిరే పోసినాడా?"

డిక్కీ తెరిచే ఉంది. అందులో మూత బిగించిన మంచినీళ్ళ డబ్బా నాకు కనిపిస్తూనే ఉంది.

"ఉప్పు తినేసిన హెడ్డేనయ్యా" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఉప్పు ఎవరు పోసిందో మాత్రం చెప్పలేదు. పలచటి గ్యాస్కెట్ ఊసే ఎత్తలేదు.

"నేను మంచినీళ్ళే పోసినానయ్యా" అన్నాడు డ్రైవరు. ఆసామి నా వైపు చూశాడు. నేను తల వంచుకుని పానా తుడుచుకున్నాను. నేను పెట్టె సర్దుకునేదాకా డ్రైవరు ఆ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని మెల్లగా కింద పెట్టి, డిక్కీలోంచి తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పనిలో లేడు.

హెడ్డు నెల్లూరు పోయి చదునై వచ్చింది. ఆ వారమంతా ఆసామి దగ్గరికి పోయి నిజం చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. చెబితే షెడ్డు మూసుకోవాల్సిందేనని రోజూ ఆగిపోయాను. నా పిరికితనానికి ఇంకో పేరు పెట్టుకోలేను.

ఆరేడేళ్ళ తర్వాత మద్రాసు నుంచి తిరిగొస్తుంటే తడ దగ్గర నా వ్యాను వేడెక్కి ఆగింది. టీ కొట్టు ముందున్న లారీలోంచి ఆ డ్రైవరు దిగాడు. జుట్టు నెరుస్తోంది. చేతిలో డబ్బా ఉంది.

"ఇక్కడి నీళ్ళు ఉప్పన్నా. ఇవి పోసుకో" అన్నాడు.

ఇంజను చల్లారేదాకా ఆగాం. అతను మూత తీసి పోస్తుండగా నాకిక ఆగలేదు.

"ఆ పొద్దు తప్పు నీది కాదబ్బా. గుంటలున్నాయని తెలిసే పలచంది ఏసినా. అయ్య ముందర చెప్పలేకపోయినా."

అతను పోయడం ఆపలేదు.

"కాలింది యాడో నేనూ చూసినానన్నా. నువ్వే చెప్తావని నిలబడి ఉండినా."

డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసి, మూత బిగించుకుని లారీ ఎక్కాడు.