శ్రావణి కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయి?

గుంటూరు పక్కనే ఓ పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. నిరుడు మిరప కోతల రోజుల్లో, హింసకు గురయ్యే పిల్లల్ని ఎలా గుర్తించాలో మాకు శిక్షణ ఇచ్చారు. పిల్లల కళ్ళు తరచూ ఎర్రబడుతున్నా పట్టించుకోవాలని శిక్షకురాలు అనగానే నేను లేచాను.

"ఏసీలో కూర్చుని ఎన్నయినా చెబుతారు మేడమ్. కల్లాల్లో కాయలు ఎండబోస్తే మా ఊళ్ళో ఎవరి కళ్ళు తెల్లగా ఉంటాయండీ? నాలుగో తరగతి శ్రావణి తరచూ అలాగే వస్తుంది. వాళ్ళ నాన్న మీద కేసు పెట్టమంటారా?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నెమ్మదిగా, "ఆ పాప తోబుట్టువులు మీ బళ్ళోనే ఉన్నారా అండీ? వాళ్ళ కళ్ళెలా ఉంటాయి?" అని అడిగారు.

తమ్ముడున్నాడు, రెండో తరగతి. వాడి కళ్ళు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఆ మాటే చెప్పి కూర్చున్నాను.

మర్నాడు శ్రావణిని పక్కకు పిలిచి అడిగాను.

"నాన్న ఎండుమిరపకాయలు నిప్పుల మీదేసి నా మొహానికి పొగ పెడతాడు టీచర్. ఊరికే పెట్టడు. నేను చదవట్లేదని మీరు ఫోన్ చేసినప్పుడే," అంది, తండ్రిని వెనకేసుకొస్తూ.

అప్పటికప్పుడే పిల్లల రక్షణ అధికారులకు ఫోన్ చేశాను. శ్రావణి ఇప్పుడు వేటపాలెంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది.

సకాలంలో గుర్తించానని అధికారులు నన్ను మెచ్చుకున్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ, "పిల్లకి కాస్త భయం పెట్టండి" అని ఆ తండ్రికి చెప్పింది నేనేనని వాళ్ళతో అనలేకపోయాను. ఎవరితోనైనా వాదనకు దిగే నా నోరు అక్కడ పెగల్లేదు.